రెండో దోసె

మా అన్న పోయిన రోజు బెంగళూరు పేటలో అంగళ్లన్నీ మూసేశారు. ఒక్క మగ్గం ఆడలేదు. శవం ముందు నడిచినవాళ్లు శ్మశానం చేరేసరికి వెనకవాళ్లు ఇంకా మా వీధి మలుపు తిరుగుతూనే ఉన్నారు.

ఈ మాట నేను చాలామందికి చెప్పాను. చెప్పేటప్పుడు గొంతు కాస్త తగ్గించేవాణ్ణి కూడా. నిజానికి మూసినవి రెండు అంగళ్లు. అందులో ఒకదానికి ఆ రోజు ఎలాగూ వారపు సెలవు. మా వీధిలో మగ్గాలు ఆగిన మాట నిజమే కానీ అది కట్టుబాటు, ఎవరు పోయినా శవం లేచేదాకా ఆపుతారు. పక్క వీధి వాళ్లకు ఆ కట్టుబాటు లేదు. అక్కడి చప్పుడు మాకు శుభ్రంగా వినబడుతూనే ఉంది. శవం వెనక నడిచింది ముప్పైమంది, సగం బంధువులే.

నాకిప్పుడు తొంభై ఏళ్లు. అంటే ఎనభై రెండు. తొంభైకి అదేమంత దూరం కాదు. పెంచి చెప్పడం నాకు పుట్టుకతోనే వచ్చింది. "వీడు తుమ్మితే పిడుగు పడిందని ఊరంతా చెప్పుకోని వస్తాడు" అనేది మా అమ్మ. ఈ గుణంతో ఒకసారి ఒక మనిషి ప్రాణం తీయబోయాను. ఆ సంగతి రాద్దామని కూర్చున్నాను. ఎక్కడైనా చెయ్యి జారి పెంచితే అక్కడే ఒప్పుకుంటాను.

అవి యుద్ధం నడుస్తున్న ఏళ్లు. కిరసనాయిలు దొరకదు, దండు, అంటే కంటోన్మెంటు వైపు వెళితే ఎక్కడ చూసినా తెల్ల సోల్జర్లు. మా వరకు యుద్ధమంటే అంతే. మాది నేతగాళ్ల ఇల్లు. తాతల కాలంలో అనంతపురం వైపు నుంచి వచ్చి పేటలో స్థిరపడ్డాం. ఇంట్లో తెలుగు, గడప దాటితే కన్నడం. ముందు గదిలో రెండు గుంట మగ్గాలు పక్కపక్కనే ఉండేవి. నేలలో మోకాలి లోతున గుంట తవ్వి, అంచున కూర్చుని, కాళ్లు లోపలికి వదిలి అడుగున ఉన్న చెక్కలు తొక్కుతూ నేసేవాళ్లం. ఒక మగ్గం నాయనది. ఆయన కళ్లు మసకబారాక అది నాకు వచ్చింది. రెండోది అన్నది.

అన్న నాకన్నా ఐదేళ్లు పెద్ద. పొడుగు మనిషి. కాళ్లు పట్టక గుంటను ఇంకో జాన లోతు తవ్వించుకున్నాడు. మాట తక్కువ, ఉన్న నాలుగు మాటలూ ఎగతాళివే. కానీ నేతలో అతనికి సాటి లేదు. అడ్డంగా పేక పోగు పడ్డాక, మగ్గానికి వేలాడే పలకతో దాన్ని ఎంత గట్టిగా కొడతామన్నది ఒక్కో నేతగాడికి ఒక్కో తీరు. దాన్ని మేము దెబ్బ అంటాం. అన్న దెబ్బ పొద్దున ఎలా ఉంటే సాయంత్రం అలాగే ఉండేది. నా దెబ్బ అన్నం తినక ముందు ఒక రకం, తిన్నాక ఒక రకం.

వదిన ఇంటికి వచ్చి అప్పటికి మూడేళ్లు. పిల్లలు లేరు. ఆమె రాట్నం తిప్పి కండెలకు పట్టు చుట్టి అన్నకు అందించేది. వాళ్లిద్దరూ మాట్లాడుకోవడం నేను ఎక్కువగా వినలేదు. చేతిలో కండె అయిపోకముందే పక్కన ఇంకో కండె వచ్చి కూర్చునేది. నాకు కనబడినంతవరకు వాళ్ల సంసారం అదే.

ఆషాఢంలో అన్నకు జ్వరం తగిలింది. మొదటి వారం కషాయం, రెండో వారం తాయెత్తు, మూడో వారం పెద్దాసుపత్రి. టైఫాయిడ్ అన్నారు. మగ్గం మీద సగం నేసిన చీర అలాగే ఉండిపోయింది, నేరేడు రంగు ఒళ్లు, పసుపు అంచు. ఆసుపత్రిలో అన్న దగ్గర నేను పన్నెండు రోజులున్నాను. కాదు, ఆరు. ఐదో రోజుకు జ్వరం దిగింది. గంజి తాగాడు. పక్క మంచం ముసలాయనతో కన్నడంలో పరిహాసాలాడాడు. అప్పుడు నాకు ధైర్యం వచ్చింది.

ఆరో రోజు పొద్దున, ఎనిమిది గంటల ప్రాంతంలో నేను మంచం పక్కన కింద కూర్చుని తూగుతున్నాను. అన్న కాలితో నా భుజం తట్టాడు.

"పోయి కాఫీ తాగి రా పో. నీ మొగం చూస్తే నాకు మళ్లా జరం వచ్చేట్టుండాది."

"తర్వాత పోతాలే."

"నిదానంగా తాగి రా అప్పా. నేను యాడికీ పోను."

వెళ్లాను. ఆసుపత్రి ఎదుట సందులో ఒక హోటలు ఉండేది. కాఫీ తాగాను. లోపల పెనం మీద నెయ్యి వాసన. ఆరు రోజులుగా ఇంటినుంచి వచ్చిన చల్లన్నం తప్ప ఏమీ తినలేదు. ఒక దోసె తెప్పించుకున్నాను. ఎదురుగా ఎవరో పేపరు పైకి చదువుతున్నాడు, ఎక్కడో ఏదో పట్టణం పడిపోయిందని. ఆ పట్టణం గురించి నాకేదో తెలిసినట్టు నేనూ రెండు మాటలు కలిపాను. తర్వాత రెండో దోసె తెప్పించుకున్నాను.

తిరిగి వచ్చేసరికి అన్న మంచం చుట్టూ తెర కట్టి ఉంది.

పేగుకు రంధ్రం పడి లోపలే రక్తం పోయిందని తర్వాత చెప్పారు. జ్వరం దిగినట్టే దిగి అలా జరుగుతుందట. పక్క మంచం ముసలాయన నన్ను చూసి మొహం గోడవైపు తిప్పుకున్నాడు. అన్న ఏమైనా అడిగాడా, నాకోసం చూశాడా అని ఆయన్ను అడగగలిగేవాణ్ణే. అడగలేదు. ఇప్పటికీ నాకు తెలియదు.

ఇంటికి తెచ్చాం. అమ్మ, నాయన, వీధివాళ్లు, ఏడుపులు. వదిన మాత్రం ఏడవలేదు. అందరూ కాస్త తగ్గాక నా దగ్గరికి వచ్చి ఒకే ఒక్క మాట అడిగింది.

"ఏమన్నా చెప్పినాడా?"

నా చేతికి ఇంకా నెయ్యి వాసన వస్తోంది. ఆ చెయ్యి వెనక్కి పెట్టుకున్నాను.

"చెప్పినాడు వదినా."

అంతవరకే అనుకున్నాను. కానీ ఆమె కళ్లు నా నోటి మీదే ఉన్నాయి. నోరు నాది కదా, ఊరుకోలేదు. "తల నా ఒళ్లో పెట్టుకున్నాడు. నీళ్లు తాగించినాను. 'నా మగ్గం ఎవురూ ముట్టొద్దు. ఆ చీర నాది, అట్లనే ఉండనీ' అన్నాడు. నీ పేరు తలుచుకున్నాడు."

ఆ మాటే ఎందుకు నోటికొచ్చిందో చెప్పలేను. శవాన్ని ఆనించి పెట్టింది మగ్గం పక్కనే, ఎదురుగా ఆ నేరేడు రంగు చీర కనబడుతోంది. అదే కారణం కావచ్చు. గొప్ప నేతగాడు పోయేటప్పుడు గొప్పగా ఏదో అనాలి కదా అని కూడా అనిపించి ఉండవచ్చు.

వదిన తల ఊపి వెళ్లి మగ్గం దగ్గర కూర్చుంది.

ఆ తర్వాత అమ్మ అడిగింది. అమ్మకు వేరే మాట చెప్పాను. నాయనకు ఇంకోటి. పరామర్శకు వచ్చిన ప్రతివాళ్లూ అడిగారు, ఎవరినీ ఉత్త చేతులతో పంపలేదు నేను. పదో రోజుకు అన్న చేత ఒక ఉపన్యాసమే ఇప్పించాను. బతికున్నన్నాళ్లూ నాలుగు మాటలకు మించి మాట్లాడని మనిషి, ఊపిరందని వేళ అంత మాట్లాడాడంటే నమ్మారు. చనిపోయినవాడి మాటను ఎవరూ తూచి చూడరు.

పన్నెండో నాడు మగ్గం విడిపించడం అని మాకు ఒక ఆచారం. పోయినవాడి మగ్గానికి పసుపు రాసి, వీధిలో పెద్దవాడొకడు గుంటలో కాళ్లు పెట్టి నాలుగు పోగులు నేసి, పేక పోగును మోసే నాడెను ఆ ఇంటి మగవాడి చేతిలో పెడతాడు. సగంలో ఉన్న బట్టను అతను పూర్తి చేస్తాడు. కాళ్లు లేని గుంటా గోరీ ఒకటే అని మావాళ్లు అంటారు. ఎంత దుఃఖం ఉన్నా పన్నెండో నాటికి ఎవరి కాళ్లో ఒకరివి అందులో పడాలి.

వీధి పెద్ద వచ్చాడు. నాకు దూరపు తాత వరస. పంచె ఎగగట్టి గుంటలోకి దిగబోయాడు. వదిన అడ్డంగా నిలబడింది.

"దిగొద్దు తాతా. ముట్టొద్దని చెప్పి పోయినాడు ఆయప్ప."

"ఎవురితో చెప్పినాడమ్మా?"

వదిన నావైపు చూసింది. ఆయన చూశాడు. అమ్మ, నాయన, గడప అవతల నిలబడినవాళ్లు, అందరూ చూశారు. అది ఒక్క క్షణం పని. లేదు తాతా, నేను ఊరికే అన్నాను అంటే సరిపోయేది. నేను తల ఊపాను. ఊపడమే కాదు, కళ్లు కూడా తుడుచుకున్నాను. కళ్లలో తుడవడానికి ఏమీ లేదు.

పెద్దాయన పంచె దించుకున్నాడు. "పోయినోని మాట. మనమేమి చేస్తాం" అని వెళ్లిపోయాడు. ఆ చీర పట్టు మాదే, షావుకారుది కాదు. షావుకారుదయితే వారం తిరక్కుండా మనిషి వచ్చి గడపలో కూర్చునేవాడు. మాదే కావడంతో అడిగేవాడు లేకపోయాడు.

తర్వాత నాలుగు నెలలు.

వదిన పొద్దున లేచి స్నానం చేసి అన్న గుంట అంచున కూర్చునేది. కాళ్లు లోపల పెట్టేది కాదు, పక్కకు మడుచుకునేది. మెత్తని గుడ్డతో, మగ్గం మీద నిలువుగా పరిచిన పడుగును తుడిచేది, ఈ చివరనుంచి ఆ చివరకు, మళ్లీ ఆ చివరనుంచి ఈ చివరకు. రాట్నం ముట్టలేదు. నా కండెలు అమ్మ చుట్టేది. నేను పక్క మగ్గం మీద నేస్తుంటే నా పలక దెబ్బ పడ్డప్పుడల్లా వదిన భుజాలు చిన్నగా ఎగిరిపడేవి. నేను మెల్లగా కొట్టేవాణ్ణి. ఆ నెలల్లో నేను నేసిన చీరలు దోమతెరల్లా ఉన్నాయి. మరీ దోమతెరలు కాదు, కానీ వదులుగా ఉన్నాయి.

తిండి తగ్గించింది. పుట్టింటివాళ్లు వచ్చి రమ్మంటే వెళ్లలేదు. అమ్మ కంచం తెచ్చి పక్కన పెడితే సాయంత్రం దాన్ని అలాగే తీసుకుపోయేది. చేతులు ఎలా అయ్యాయంటే గాజులు ఉండి ఉంటే జారి కింద పడేవి. వానలకు గుంటలో చెమ్మ ఊరింది. ఎలుక చేరింది. పడుగు పోగులు కొన్ని తెగి వేలాడాయి. తెగినవాటిని కూడా ముడి వేయనివ్వలేదు, వాటినీ తుడిచేది.

"ఆ గుంట దాన్ని మింగతా ఉండాది" అంది అమ్మ ఒకరోజు వంటింట్లో, నాకు వినబడేలా. "వాడు అట్ల చెప్పకుండా పోయుంటే ఎంత బాగుండు."

వీటన్నిటికన్నా నన్ను కాల్చింది ఇంకోటుంది. రోజూ పొద్దున, నేను మగ్గం ఎక్కేముందు, వదిన అడిగేది.

"ఇంకోసారి చెప్పప్పా."

చెప్పేవాణ్ణి. ఒళ్లో తల, నీళ్లు, మగ్గం, చీర, పేరు. ఒకరోజు ఆమె గుడ్డ ఆపింది.

"మొన్న కుడి తొడ మీద తల పెట్టినాడంటివే. ఇప్పుడు ఎడమంటావు?"

"కుడే వదినా. ఎడమ అంటే చూసేవాళ్లకు ఎడమ."

"చూసినోళ్లు ఎవురుండారు?"

"పక్క మంచం ముసలాయన."

"ఆయన గోడపక్క తిరిగి పండుకోనుండె అంటివి."

నేను కట్టిన కథ నాకన్నా ఆమెకే బాగా గుర్తుంది. దాని గోడలన్నీ రోజూ తడిమి చూసుకుంటోంది, ఎక్కడైనా ఇటుక కదిలితే తన చేత్తోనే తిరిగి పెట్టుకుంటోంది. "కుడే అయ్యుంటుంది లే" అని మళ్లీ తుడవడం మొదలుపెట్టింది. నాకు అప్పుడు భయం వేసింది. చెబితే ఆమె ఏమవుతుందో, చెప్పకపోతే ఏమవుతుందో, రెంటికీ భయమే. ఎక్కువ భయం మాత్రం నా గురించే. అన్న చనిపోతుంటే దోసె తిన్నవాడు అని వీధి అంతా అంటుందని.

నేను ఏడవలేదు. దానికి గర్వపడేవాణ్ణి కూడా. స్నేహితులు "నీది గట్టి గుండె అప్పా" అంటే అవునన్నట్టు మీసం తడుముకునేవాణ్ణి. అప్పటికి మీసం సరిగ్గా రాలేదు.

కార్తీకంలో దొడ్డబళ్లాపురం నుంచి మేనత్త వచ్చింది, నా మగ్గానికి అచ్చు అతకడానికి. నేస్తున్న పడుగు అయిపోవస్తే, పోగులు దూరి వచ్చే దువ్వెనలాంటి అచ్చులో మిగిలిన పాత పోగుల కొనలను కోసి పారేయరు. కొత్త పడుగు పోగులను వాటికి ఒక్కొక్కటిగా, వేళ్లకు బూడిద అద్దుకుని, మెలిపెట్టి కలుపుతారు. వేల పోగులు. ఓపిక ఉన్నవాళ్లకే ఆ పని వస్తుంది. మా అత్త ఆ పనిలో పేరున్న మనిషి. మొగుడు పోయాడు, ఇద్దరు పిల్లలు పోయారు, నోరు మాత్రం ఎక్కడికీ పోలేదు.

ఆమె అతుకుతుంటే నేను పోగులు విడదీసి ఇస్తున్నాను. వదిన పక్క గుంట దగ్గర లేదు, స్నానానికి వెళ్లింది.

"మీ అన్న ఏమని చెప్పి పోయినాడు?" అంది అత్త తల ఎత్తకుండా.

మొదలుపెట్టాను. సగంలో ఆపింది.

"'నా మగ్గం' అన్నాడా?"

"ఆఁ."

"వాడు ఎప్పుడన్నా 'నాది' అన్నాడేంరా? వాని నోట్లో ఆ మాటే లేదు. చిన్నప్పుడు వాని బెల్లంముక్క నువ్వు పెరుక్కుంటే కూడా అనలేదు." నాలుగు పోగులు అతికింది. "ఆ మాట వానిది కాదు. నీ మాట మాదిరి ఉండాది."

నా చేతిలో పోగులు చిక్కుపడ్డాయి.

"పోయినోళ్ల నోట్లో మాట పెట్టేది సులభం రా. తీసేది ఎంత కష్టమో నాకు తెలుసు. మా పెద్దోడు పోయినప్పుడు నేను నిద్దరపోతాండినాను. మేలుకోనే ఉన్నానని మీ మామతో చెప్పినాను. ఆయప్ప పోయేదాకా చెప్పలేదు. ఇప్పుడు ఎవురికి చెప్పాల?" బూడిద పళ్లెం నావైపు జరిపింది. "నీకింకా మనిషి ఉండాది. ఎండిపోకముందే చెప్పు."

ఆ రోజే చెప్పానని రాస్తే బాగుంటుంది. మూడు రోజులు పట్టింది. మూడో రోజు మధ్యాహ్నం అమ్మా అత్తా వంటింట్లో ఉన్నారు, నాయన వీధి అరుగు మీద. వదిన పడుగు తుడుస్తోంది. నేను నా మగ్గం దిగి ఆమెకు ఎదురుగా, గుంటకు ఇవతలి పక్క కూర్చున్నాను.

"వదినా, ఆ మాట అన్న అనలేదు."

"ఏ మాట?"

"ఏదీ అనలేదు. నేను ఆడ లేను."

గుడ్డ ఆగలేదు. ఒక పోగు మీదే ముందుకూ వెనక్కూ తిరిగింది.

"యాడుంటివి?"

"హోటల్లో. దోసె తింటాండినాను."

"ఎన్ని?"

"ఏమి ఎన్ని?"

"దోసెలు."

"రెండు."

"రెండోది ఎందుకు తింటివి?"

దీనికి జవాబుగా నేను నాలుగు నెలలుగా మనసులో చాలా తయారు చేసుకుని ఉన్నాను. ఆకలి, అలసట, నిద్రలేమి. ఒక్కటీ రాలేదు.

"బాగుండింది వదినా. అందుకే తిన్నాను."

ఆమె గుడ్డ వదిలేసింది. "నిజంగా ఏమన్నాడు? కడాకు?"

చెప్పాను. ఈసారి ఒక్క మాట కలపలేదు. నీ మొగం చూస్తే నాకు మళ్లా జరం వచ్చేట్టుండాది. నిదానంగా తాగి రా అప్పా. నేను యాడికీ పోను.

వదిన గొంతులోంచి ఒక శబ్దం వచ్చింది. నవ్వే అది. నాలుగు నెలల్లో మొదటిసారి ఆమెకు ఎదురుగా అన్న కనబడినట్టు, ఎగతాళి చేస్తూ, కాలితో తడుతూ. ఆ నవ్వు మధ్యలోనే మారిపోయింది.

"అయితే ఇన్ని దినాలు నాతో ఎవురు మాట్లాడినట్టు?" అంది. "రోజూ పొద్దున కూచోని నేను విన్నది ఎవురి మాట? నీదా? నీ మాట పట్టుకోనా నేను ఈ గుంట పక్కన కూచున్నది?"

ఆ గుడ్డ తీసి నా మొహాన కొట్టింది. లేచి లోపలికి వెళ్లబోయి, గడప దగ్గరే కూలబడి ఏడ్చింది. అలాంటి ఏడుపు నేను అంతకుముందు వినలేదు. ముక్కూ నోరూ అన్నీ కలిసి, ఆవు ఈనేటప్పటి శబ్దంలాంటిది. అమ్మ చేతిలో గరిటెతో పరుగెత్తుకొచ్చింది. వెనకనుంచి అత్త అమ్మ కొంగు పట్టుకుంది.

"ముట్టొద్దు. ఏడవనీ. ఇప్పటికి మొదలుపెట్టింది."

ఆ సాయంత్రం అమ్మకూ నాయనకూ కూడా చెప్పాను. "వాడు ఒక్కడే ఉన్నాడా అప్పుడు?" అన్నాడు నాయన. అవునన్నాను. ఆయన లేచి అరుగు మీదకు వెళ్లిపోయాడు. అన్న చివరి మాటని ఆయనకు నేను అల్లి చెప్పినది కూడా ఆ రోజే పోయింది. దానికి బదులు ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేదు.

వదిన నాతో ఆరు నెలలు మాట్లాడలేదు. ఆరు నెలలు కాదు, ఇరవై రోజులు. కంచం నా ముందు పెట్టేటప్పుడు నేలకు తగిలి మోగేది. కానీ తనూ తింది. రోజూ కాదు, కొన్ని రోజులు తింది, కొన్ని రోజులు ఏడ్చింది, కొన్ని రోజులు రెండూ చేసింది. పొద్దున గుంట దగ్గర కూర్చోవడం మానేసింది. మా దగ్గరే ఉండిపోయిన అత్త వెనకే వేరే ఇళ్లకు అచ్చు అతకడానికి వెళ్లేది. మొదట్లో బూడిద పళ్లెం పట్టుకోవడానికి, తర్వాత తనూ అతకడానికి. సాయంత్రం వచ్చి, ఎవరింట్లో ఏం జరిగిందో అమ్మకు చెప్పేది. ఆ ఇళ్లలో ఆడవాళ్లు ఆమెను అన్న గురించి అడిగేవారట. ఆమె కాఫీ మాట చెప్పేదట. వాళ్లు నవ్వేవారట, తర్వాత తమవాళ్లు పోయిన సంగతులు చెప్పేవారట. ఇవన్నీ నేను గోడ ఇవతల నుంచి విన్నవి.

వీధిలో నన్ను ఎవరైనా ఏమైనా అన్నారా? అన్నారు. కొన్నాళ్లు "దోసె" అని పిలిచారు. నేను భయపడినంత బరువు లేదు ఆ మాటకు.

ఇరవయ్యో రోజో ఇరవై ఒకటో రోజో, నేను లేచేసరికి వదిన అన్న మగ్గం కింద ఉంది. ఎలుక గూడు తీసి బయట పారేసింది. గుంటలో చెమ్మ తుడిచింది. తెగిన పోగులు వెతికి, వేళ్లకు బూడిద అద్దుకుని, ఒక్కొక్కటీ అతుకుతోంది. ముప్పై చిల్లర తెగాయి. నేను చూస్తూ నిలబడ్డాను. అన్నీ అయ్యాక నావైపు చూడకుండా అంది.

"కూచో."

"నేనా?"

"ఇంకెవురుండారు?"

పన్నెండో నాటి పసుపు లేదు, వీధి పెద్ద లేడు. అమ్మ వంటింటి గడపలో నిలబడి చూస్తోంది. నేను అన్న గుంటలో కాళ్లు వదిలాను. తొక్కుడు చెక్కలు అందలేదు. కాళ్లు గాలిలో వేలాడాయి.

"నీ కాళ్లు అంత లేవు. తాళ్లు కురచ చేస్తాను ఉండు" అంది వదిన. గుంటలోకి వంగి చెక్కలను పైకి లాగి కట్టింది, అన్న కొలతను విప్పేసి. ఆ ముడి విప్పేటప్పుడు ఆమె చేతులు ఆగాయి. తర్వాత విప్పింది.

నేయడం మొదలుపెట్టాను. నా దెబ్బ అన్న దెబ్బలో ఎంత బాగా కలిసిపోయిందంటే, ఆ చీర ఎక్కడ చేయి మారిందో పేటలో పేరున్న నేతగాళ్లు కూడా కనిపెట్టలేకపోయారు. ఇలా నేను యాభై ఏళ్లు చెప్పుకున్నాను. నిజానికి అది గడపలోంచే కనబడేది. నేరేడు రంగు మీద అడ్డంగా ఒక గీత. గీతకు ఆ పక్క బట్ట చెరువు నీళ్లలా సమంగా ఉంది, ఈ పక్క నా పని. ఒక బెత్తెడు నేశాక ఆపాను.

"విప్పేస్తాను వదినా. మళ్లా నేస్తాను. తెలిసిపోతా ఉండాది."

"ఎందుకు విప్పేది? ఈడిదాకా ఆయప్ప, ఈన్నుంచి నువ్వు. తెలిస్తే తెలియనీ."

మళ్లీ నేశాను. ఇంకో బెత్తెడు అయ్యేసరికి నా దెబ్బ మరీ అధ్వాన్నమైంది, ఒకటి గట్టిగా, ఒకటి ఉత్త తాకినట్టు. నాడె రెండుసార్లు జారి కింద పడింది. నాకు కారణం తెలియలేదు. పోగులు మసకగా కనబడుతుంటే నాయన కళ్ల జబ్బు నాకు వచ్చిందనుకున్నాను. చీర మీద నీళ్లు పడ్డాక తెలిసింది. వదిన రాట్నం దగ్గర కూర్చుని కండె చుడుతోంది. రాట్నం ఆపింది.

"పోయి కాఫీ తాగి రా పో" అంది. "నీ మొగం చూస్తే నాకు జరం వచ్చేట్టుండాది."

నేను కదల్లేదు.

"పో అప్పా. నిదానంగా తాగి రా. నేను యాడికీ పోను."

వీధి చివర హోటలుకు వెళ్లాను. అన్న పోయాక హోటలు గడప తొక్కడం అదే మొదటిసారి. కాఫీ తాగాను, ఒక దోసె కూడా తిని, నిదానంగా నడిచి వచ్చాను.

దోసె తినలేదు. కాఫీ సగం తాగి, నోరు కాలుతుండగా వదిలేసి, వీధంతా చూస్తుండగా పంచె ఎగబట్టుకుని పరుగెత్తుకొచ్చాను. గడపలోనే వినబడింది, రాట్నం తిరుగుతోంది.

"అప్పుడే వస్తివేమి?" అంది వదిన తల ఎత్తకుండా. చుట్టిన కండె అన్న మగ్గం పక్కన, నేను కూర్చున్న చోట పెట్టి ఉంది.